బాగున్న కప్పకే పరీక్ష!

"కప్పలకు కూడా పరీక్షలా? బాగానే ఉంది సంబడం!" మా పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

చందర్లపాడులో వాళ్ళింటి వసారాలో కూర్చుని ఉన్నాం. మధ్యాహ్నం నుంచి దంచికొట్టిన వాన అప్పుడే వెలిసింది. కరెంటు లేదు. ఇంటి వెనక గుంటలోంచి, దాని అవతలి పత్తి చేలలోంచి కప్పల అరుపులు హోరెత్తిపోతున్నాయి. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని కదా, ఊరుకోలేక కప్పలకొచ్చే ఓ జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆ జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు రాత్రిళ్ళు టార్చిలైట్లు పట్టుకుని చెరువుల వెంట తిరుగుతున్నారని చెప్పేసరికి పిన్నికి నవ్వొచ్చింది.

"జబ్బు చేసిన కప్పల్ని ఎట్లా గుర్తుపడతారే?" అంది.

"జబ్బు చేసినవాటిని కాదు పిన్నీ, శుభ్రంగా గెంతుతున్నవాటినే పట్టుకుని పరీక్షిస్తారు" అన్నాను.

ఆ మాటతో పిన్ని నవ్వు ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. మూడేళ్ళ క్రితం వరకు "నాకేం, రాయిలా ఉన్నాను" అంటూ తిరిగిన మనిషి. ఊళ్ళో పెట్టిన వైద్య శిబిరంలో నలుగురితోపాటు తనూ వేలు చాపితే షుగరు బయటపడింది. అప్పటికే ఒక కంటి చూపు సగం పోయింది. బాగున్నప్పుడే పరీక్ష చేయించుకోవాలన్న మాట ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చర్మమే ప్రాణం

కప్ప మనలా నోటితో నీళ్ళు తాగదు. చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంతవరకు చర్మంతోనే. ఒంట్లో ఉప్పు, లవణాలు ఎంత ఉండాలో చూసుకునేదీ ఆ చర్మమే. అలాంటి చర్మాన్ని పట్టుకునే బూజు జాతి సూక్ష్మజీవి ఒకటుంది. పేరు 'కైట్రిడ్'. పూర్తిపేరు బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్. నోరు తిరగకపోతే మొదటి పేరు చాలు.

దీని బీజాలు ఒక్క తోకతో నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి కప్ప చర్మంలోకి దూరతాయి. మన గోళ్ళలో, జుట్టులో ఉండే కెరాటిన్ అనే పదార్థం కప్ప చర్మం పైపొరలోనూ ఉంటుంది. కైట్రిడ్ ఆ పొరలోనే పెరుగుతుంది. చర్మం మందమై, పనిచేయడం మానేస్తుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి. చివరికి గుండె ఆగిపోతుంది. ఈ సంగతిని 2009లో ఆస్ట్రేలియా చెట్టుకప్పల మీద చేసిన పరిశోధనలో తేల్చారు. వాంతులు, విరేచనాలయిన పసిపిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఎందుకు తాగిస్తామో మనకు తెలుసు కదా! ఒంట్లో లవణాలు పోతే ఏమవుతుందో తల్లులందరికీ ఎరుకే. కప్పకూ జరిగేది అలాంటిదే.

ఇంకో చిత్రం ఏమిటంటే, తోకకప్పలకు ఈ కెరాటిన్ నోటి దగ్గర మాత్రమే ఉంటుంది. అందుకని కైట్రిడ్ అంటుకున్నా సాధారణంగా చావవు. నీళ్ళలో హాయిగా తిరుగుతూనే జబ్బును మోస్తుంటాయి. కాళ్ళొచ్చి, తోక పోయి, కప్పగా మారి ఒళ్ళంతా కొత్త చర్మం వచ్చాక అసలు ముప్పు మొదలవుతుంది.

ముగ్గురు మహిళలు

1990ల్లో మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామా అడవుల్లో కప్పలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. ఆ సంగతిని ఏళ్ళ తరబడి కొండల్లో తిరిగి నమోదు చేసినవారిలో కరెన్ లిప్స్ అనే పరిశోధకురాలు ముఖ్యురాలు. అదేకాలంలో ఆస్ట్రేలియాలో లీ బర్జర్ అనే పశువైద్యురాలు చచ్చిన కప్పల చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి కారణం వెతికారు. రెండుచోట్లా ఒకే హంతకి అని 1998లో లోకానికి తెలిసింది.

ఇంతకీ ఆ జీవి ఏమిటి? వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక నీలిరంగు కప్ప నుంచి దాన్ని వేరుచేసి, 1999లో పేరుపెట్టినవారిలో జాయిస్ లాంగ్‌కోర్ ఒకరు. పిల్లల పెంపకం కోసం చదువుకు చాలా ఏళ్ళు విరామం ఇచ్చి, నడివయసులో మళ్ళీ విశ్వవిద్యాలయం గడప తొక్కి డాక్టరేట్ చేసిన ఆవిడ. ఎవరికీ పెద్దగా పట్టని ఈ నీటి బూజుల మీదే పనిచేస్తూ వచ్చారు. చివరికి ప్రపంచానికి ఆ చదువే అవసరమైంది!

2019లో శాస్త్రవేత్తలు నష్టాన్ని లెక్కకట్టారు. కైట్రిడ్ వల్ల 501 జాతుల ఉభయచరాలు తరిగిపోయాయి. వాటిలో 90 జాతులు పూర్తిగా అంతరించినట్టే భావిస్తున్నారు. ఒకే ఒక్క జబ్బు ఇన్ని జాతుల్ని దెబ్బతీయడం ఇంకెక్కడా నమోదు కాలేదు.

కడుపు పండిందని చెప్పిన కప్ప

ఇప్పుడు మందుల షాపులో చిన్న పుల్ల కొనుక్కుంటే గర్భం వచ్చిందో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతోంది. 1930ల నుంచి 1960ల దాకా చాలా దేశాల్లో ఆ సంగతి చెప్పింది కప్పే. స్త్రీ మూత్రాన్ని దక్షిణాఫ్రికాకు చెందిన గోళ్ళకప్ప అనే జాతి ఆడ కప్పకు ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఒక రోజులోపు అది గుడ్లు పెడితే ఆవిడ గర్భవతి అన్నమాట. ఇందుకోసం వేలాది కప్పల్ని దేశదేశాలకు ఓడల్లో, విమానాల్లో పంపించారు.

1938లో భద్రపరిచిన అలాంటి ఓ కప్ప చర్మంలో కైట్రిడ్ ఆనవాళ్ళున్నట్టు 2004లో తేలింది. దాంతో ఈ గర్భపరీక్షల వ్యాపారమే జబ్బును ప్రపంచమంతా తిప్పిందని అనుకున్నారు. 2018లో వచ్చిన పెద్ద జన్యు పరిశోధన మాత్రం కైట్రిడ్ పుట్టిల్లు తూర్పు ఆసియా అని, కొరియా ప్రాంతపు రకాలే అన్నిటికన్నా పాతవని చెప్పింది. మూలం ఎక్కడైనా, అది ఖండాలు దాటింది మాత్రం మనుషులు కప్పల్ని మోసుకెళ్ళినందువల్లే. తినడానికి, పెంచుకోవడానికి, పరీక్షలకు... ఎన్నో రకాలుగా మోశాం.

మన దగ్గర ఉందా?

"అయితే మన గుంటలోనూ ఉందంటావా?" పిన్ని అడిగింది.

మన దేశంలో కైట్రిడ్‌ను మొదట 2011లో పశ్చిమ కనుమల్లో గుర్తించారు. ఆ తర్వాత ఇంకా అనేక చోట్ల దొరికింది. చిత్రమేమిటంటే, పనామాలోలా ఇక్కడ కప్పలు గుట్టలుగా చచ్చిపడినట్టు నమోదు కాలేదు. జబ్బు క్రిమి ఉంటుంది, కప్ప గెంతుతూనే ఉంటుంది. ఆసియాలో పుట్టిన క్రిమికి ఆసియా కప్పలు చాలాకాలంగా అలవాటుపడి ఉండొచ్చని ఒక అంచనా. కాబట్టి చచ్చిన కప్పల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మన దగ్గర దాని జాడ ఎప్పటికీ తెలియదు. ఆరోగ్యంగా కనిపించేవాటిని వెతికి వెతికి పరీక్షించాల్సిందే.

ఇందులో మన హైదరాబాదు పాత్ర పెద్దది. సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని ప్రయోగశాలలో అంతరించిపోతున్న జీవుల మీద పనిచేస్తారు. అక్కడి కార్తికేయన్ వాసుదేవన్ బృందం 2025లో కైట్రిడ్‌ను పట్టే కొత్త పరీక్షను ప్రకటించింది. అంతకుముందు విదేశాల్లో తయారైన పరీక్ష మన దేశపు రకాల్ని సరిగా పట్టలేకపోయేది. 'లేదు' అని చెప్పిన చోట నిజానికి ఉండొచ్చన్నమాట! కొత్త పరీక్ష మన దగ్గరే కాదు, ఆస్ట్రేలియా, పనామాల నుంచి వచ్చిన నమూనాల మీద కూడా బాగా పనిచేసింది. దాంతో చూస్తే మన దేశంలో కైట్రిడ్ ఇంతకుముందు అనుకున్నదానికన్నా ఎక్కువగానే ఉందని తేలింది.

మరి చందర్లపాడు సంగతి? కైట్రిడ్‌కు చల్లదనం కావాలి. 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. 28 దాటితే కుంటుపడుతుంది. 30 పైన బతకడం కష్టం. నందిగామ, జగ్గయ్యపేట వైపు మే నెల ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా! ఆ ఎండే మనకు కొంత రక్ష. అలాగని ధీమా పనికిరాదు. వానాకాలం రాత్రులున్నాయి, మార్గశిర, పుష్య మాసాల చలి ఉంది, చెట్ల నీడన చల్లగా ఉండే బావులున్నాయి. ఊహతో 'ఉంది' అనీ చెప్పకూడదు, 'లేదు' అనీ చెప్పకూడదు. పరీక్షే చెప్పాలి.

గుప్పెడు బియ్యంలో రాయి

ఆ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. వాన పడ్డ రాత్రి ఇద్దరు ముగ్గురు కలిసి నీటి అంచున నెమ్మదిగా నడుస్తారు. ఒక్కో కప్పకు ఒక్కో కొత్త చేతితొడుగు. ఒకదాన్ని పట్టుకున్న చేత్తో మరోదాన్ని ముట్టుకోకూడదు. లేకపోతే జబ్బును వెతకడానికి వెళ్ళిన మనమే జబ్బును అంటించినవాళ్ళమవుతాం. శుభ్రమైన దూదిపుల్లతో కప్ప పొట్ట, తొడలు, వేళ్ళ మధ్య పొర మీద మెల్లగా పాతిక ముప్ఫైసార్లు రుద్దుతారు. నెత్తురు తీయరు, కోయరు. పుల్లను చిన్న గొట్టంలో వేసి, అంకె రాసి, చల్లగా దాస్తారు. కప్పను పట్టుకున్న చోటే వదిలేస్తారు. ఊరు, తేదీ, వేడి ఎంత, కప్ప బరువు ఎంత... అన్నీ పుస్తకంలో ఎక్కుతాయి. ఇంకో చెరువుకు వెళ్ళేముందు బూట్లకు అంటిన మట్టి కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో శుభ్రం చేసి ఆరబెడతారు. ప్రయోగశాలలో ఆ దూదిపుల్ల మీద కైట్రిడ్ జన్యుపదార్థం ఉందేమో చూస్తారు. కరోనా రోజుల్లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష లాంటిదే ఇదీ.

"పది కప్పల్ని చూస్తే సరిపోదూ?" అని పిన్ని సందేహం.

బియ్యం ఏరే ఇల్లాలికి ఇది చిటికెలో అర్థమవుతుంది. బస్తాలోంచి గుప్పెడు తీసి చూస్తే రాయి దొరకలేదనుకోండి. బస్తాలో రాళ్ళే లేవనగలమా? లెక్కల ప్రకారం ఒక చెరువులో 60 కప్పల్ని పరీక్షించి, ఒక్కదానిలోనూ క్రిమి దొరక్కపోతే, అక్కడ నూటికి ఐదు కన్నా తక్కువ కప్పలకే ఉండొచ్చని నూటికి 95 పాళ్ళ నమ్మకంతో చెప్పొచ్చు. అంతే! 'లేనేలేదు' అని అప్పుడూ చెప్పలేం. పది కప్పలతో అయితే నూటికి ఇరవై, పాతిక కప్పలకు జబ్బున్నా మన కంట పడకుండా తప్పించుకోవచ్చు.

కప్ప పోతే మనకేం?

ఈ జబ్బు మనుషులకు రాదు. పశువులకు, కోళ్ళకు రాదు. మరి మనకెందుకీ గొడవ?

కోస్టారికా, పనామాల్లో కప్పలు పోయాక ఏం జరిగిందో 2022లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. కప్పలు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతాల్లో ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మలేరియా పెరిగింది. ఉధృతంగా ఉన్న కాలంలో ఏడాదికి ప్రతి వెయ్యిమందిలో దాదాపు ఒకరికి అదనంగా మలేరియా వచ్చింది. దోమల్ని, వాటి పిల్లల్ని తినేవి తగ్గితే ఏమవుతుందో చూశారా? జ్వరంతో మంచాన పడ్డవాళ్ళకు రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే కదా!

మనకూ ఓ పాఠం ఉంది. ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్ళు విదేశాలకు టన్నులకొద్దీ ఎగుమతి అయ్యేవి. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తరిగిపోతున్నాయన్న ఆందోళనతో 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. మిరప, పత్తి పండించే మా వైపు పురుగుమందు ఖర్చు ఏ ఇంటికి ఎంతవుతోందో చెప్పనక్కర్లేదు. అప్పు పుట్టక మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళే ఇళ్ళు కూడా ఉన్నాయి. పైసా తీసుకోకుండా పురుగులు తినిపెట్టే కప్ప విలువ ఆ ఇళ్ళలో అడగండి.

కంటికన్నా చెవి నయం

చీకట్లో పిన్ని చెవి ఒగ్గి కూర్చుంది. "అదుగో, గోదురు కప్ప. కుర్ర్ర్ మంటూ సాగదీస్తుంది. ఇది చెట్టుకప్ప. టక్ టక్ మని చెక్క మీద కొట్టినట్టు. మన స్నానాలగది గోడకు అంటుకుని ఉంటుందే, అదే. ఆ బొంగురు గొంతు బోదురు కప్పది. తొలకరిలో మగవి పసుపు పూసుకున్న పెళ్ళికొడుకుల్లా అయిపోతాయి చూడు... అవి. ఈ సన్నటిది చేలగట్ల మీది చిట్టి కప్ప."

నాలుగు! చూపు సగమే ఉన్న మనిషి, నేను టార్చి వేసినా కనిపెట్టలేనివి చెవితో లెక్కపెట్టేసింది.

"ఇంకోటి ఉండేదే" అంది కాసేపాగి. "గంట కొట్టినట్టు అరిచేది. పడమటి వైపు కుంట పూడ్చి ప్లాట్లు వేశాక వినలేదు."

దానికి కైట్రిడ్‌ను తప్పుపట్టలేం. కుంటే లేకపోతే కప్ప ఎక్కడుంటుంది? కానీ నన్ను పట్టుకున్న ఆలోచన వేరు. అది ఏ కప్పో, ఏ ఏడాది నుంచి వినిపించడం మానేసిందో ఎక్కడా రాసిలేదు. పిన్ని మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు ఈ నాలుగింటిలో ఒకటి మానేసినా ఇంతేనా?

అప్పుడే పిన్ని మనవరాలు నోటుపుస్తకం పట్టుకొచ్చింది. ఆరో తరగతి పిల్ల. తేదీ వేసి, 'వాన - గట్టిగా' అని రాసి, నాలుగు గొంతుల పేర్లూ రాసుకుంది. మేం ఒక్క కప్పనూ ముట్టుకోలేదు. ఊళ్ళో సర్వే మొదలైపోయింది!

మీరూ చేయొచ్చు

• వాన పడ్డ రాత్రి పది నిమిషాలు వినండి. తేదీ, చోటు, ఏ గొంతులు వినిపించాయో రాయండి. ఏమీ వినిపించకపోతే ఆ మాటా రాయండి. సెల్‌ఫోన్‌లో అరుపు రికార్డు చేస్తే ఐనాచురలిస్ట్ వంటి చోట పెట్టొచ్చు.

• కప్పల్ని, తోకకప్పల్ని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, బావికి మార్చకండి. పిల్లలు సీసాలో పట్టుకొస్తే తెచ్చిన చోటే వదిలించండి. ఇంట్లో చేపల తొట్టి నీళ్ళను కాలువలో పారబోయకండి.

• పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు చెరువుల్లో, కాలువల్లో కడగనివ్వకండి.

• ఒకేచోట చాలా కప్పలు చచ్చి కనిపిస్తే వట్టి చేతులతో ముట్టుకోకుండా, ఫొటో తీసి అటవీశాఖవారికి తెలపండి.

• గోదురు కప్పను ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగండి. దాని చర్మం మీది స్రావం కళ్ళకు మంట పుట్టిస్తుంది.

మరి మందు లేదా అంటారా? పెంపకంలో ఉన్న కప్పలకు మందు కలిపిన నీళ్ళతో స్నానం చేయించి నయం చేస్తున్నారు. చెరువులో ఉన్నవాటికి అది కుదిరే పని కాదు. అందుకే జబ్బును మోసుకెళ్ళకుండా ఉండటమే అన్నిటికన్నా మంచి మందు.

మట్టి కప్పతల్లి

పడుకోబోయే ముందు పిన్ని తన చిన్నతనం ఎత్తింది. వానలు మొహం చాటేసిన ఏడాది ఆడపిల్లలంతా ఓ కప్పను పట్టి, రోకలికి వేపమండలతో కలిపి కట్టి, ఇంటింటికీ తిరిగేవారట. ఇల్లాళ్ళు బిందెడు నీళ్ళు గుమ్మరించి, చేటలో బియ్యం తెచ్చి పెట్టేవారట. కప్పతల్లి వేడుక తెలుగునాట చాలా ఊళ్ళలో ఉన్నదే.

"అన్ని వాకిళ్ళు తిరిగేసరికి పాపం దాని ప్రాణం కడబట్టేది. ఇప్పుడు నువ్వీ అంటుజబ్బు సంగతి కూడా చెబుతున్నావు" అని నిట్టూర్చింది. అంతలోనే తనే, "ఏటా మట్టితో వినాయకుణ్ణి చేస్తున్నవాళ్ళం, కప్పతల్లిని చేసుకోలేమా ఏం? నీళ్ళు పోస్తే కరిగి నేలలో కలుస్తుంది. వాన దేవుడికి తెలియకపోతుందా!" అంది.

ఆచారం వదలకుండా, కప్పను వదిలేసే ఉపాయం! నేను ఎన్ని పాఠాలు చెబితే తట్టేది నాకు?

పదిహేను రోజుల తర్వాత పిన్ని ఫోను చేసింది. "రాత్రి వాన పడిందే. మూడే వినిపించాయి. చెట్టుకప్ప అరవలేదు. రాయమంటావా?"

"రాయించు పిన్నీ. వినిపించలేదనీ రాయించు" అన్నాను.

ఒక్క రాత్రి వినిపించనంత మాత్రాన భయపడక్కర్లేదు. గాలి తిరిగి ఉండొచ్చు, వాన చాలకపోయి ఉండొచ్చు. కానీ పుస్తకంలో ఉంటే రేపు ఎవరైనా దూదిపుల్లలు పట్టుకుని ఆ ఊరొచ్చినప్పుడు, ఎక్కడ వెతకాలో మా పిన్ని చెప్పగలదు.

మీ ఇంటి వెనక ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయి? ఈసారి వాన వెలిశాక ఓ పది నిమిషాలు టీవీ కట్టేసి వినండి.